పెద్దంగడిలో కాటా మేస్త్రి వాటా

కాటా మేస్త్రి సాధించిన మొట్టమొదటి గెలుపు ధాన్యం యార్డులోని పెద్ద త్రాసు మీద. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు. చదువు ఐదో తరగతి, ఆస్తి ఒక రేకుపెట్టె, నోట్లో ఉన్నది ఒకటే మాట: "తట్టలు మార్చి తూచండి." ఆ ఒక్క మాట నెగ్గించుకోవడానికి పందొమ్మిది రోజులు పట్టింది.

ఆ యార్డులో త్రాసు ఒక్కటే ఉండేది. అది కాంట్రాక్టరుది. ధాన్యం కొనేవాడూ ఆ కాంట్రాక్టరే. తట్టలు ఖాళీగా ఉన్నంతసేపూ ముల్లు పంతులి ముందు నిలబడ్డ పిల్లాడిలా నిటారుగా ఉండేది. బస్తా ఎక్కగానే అబద్ధం మొదలయ్యేది. దూలం ఒక వైపు రెండు వేళ్ళ మేర పొట్టి. ఆ సంగతి కంటపడకుండా మధ్యలో గుడ్డ చుట్టి, తుప్పు పట్టకుండా అని చెప్పేవారు. కుర్రమేస్త్రి గేటు పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు అదే పాఠం చెప్పాడు. బస్తాను రాళ్ళ తట్టలో పెట్టండి, రాళ్ళను బస్తా తట్టలో పెట్టండి, నిజమైన త్రాసుకు ఎటైనా ఒకటే. కాంట్రాక్టరు మనుషులు మొదటి రోజు నవ్వారు, ఐదో రోజు తిట్టారు, పదకొండో రోజు రేకుపెట్టెను మురిక్కాలవలో పారేశారు. మేస్త్రి కాలవలోకి దిగి పెట్టె తెచ్చుకుని, కడుక్కుని, మళ్ళీ అక్కడే కూర్చున్నాడు. పందొమ్మిదో రోజున తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి తట్టలు మార్పించాడు. అటు తొంభై ఏడు కిలోలు తూగిన బస్తా ఇటు నూట మూడు తూగింది. ఆ దూలాన్ని అందరి ఎదుట రంపంతో కోశారు.

ఆ తరవాత ఆయన చేసినవి చెప్పుకుంటూ పోతే కూర్చున్నవాళ్ళకు నడుములు పట్టేస్తాయి. నాలుగు వేల పైచిలుకు కాటాలు సరిచేశాడు. నగల దుకాణాల వీధిలో వెంట్రుకవాసి తేడా పట్టి ఇద్దరి చేత లెంపలు వేయించాడు. ఆసుపత్రిలో పసిపిల్లల కాటా పావుకిలో ఎక్కువ చూపిస్తుంటే, "మీ దగ్గర పుట్టినవాళ్ళందరూ కాగితం మీదే బలిశారండీ" అని పెద్ద డాక్టరుకు మొహం మీదే చెప్పాడు. సరిచేసిన ప్రతి కాటాకూ రిజిస్టరులో ఒక వరుస. ప్రతి కాటా లోపల, స్ప్రింగు పట్టీ అడుగున, ఎవరూ చూడని చోట చిన్న ఉలితో కొట్టిన ఒక నిలువు గీత, దాని పక్కన చుక్క, కింద నంబరు.

"ఎవరికీ కనపడని చోట కొట్టుకుంటే ఏం లాభమండీ?" అని పెళ్ళయిన కొత్తలో భార్య అడిగింది.

"దొంగతనం లోపలే కదా జరిగేది. కాపలా బయటెందుకు?" అన్నాడు.

ఇంతటి మనిషి అరవై రెండో ఏట తన కాటాల కొట్టు అమ్మేసి, ఆ డబ్బంతా పెట్టి పెద్దంగడి షేర్లు కొన్నాడు. మూడు వందల పన్నెండు షేర్లు.

పెద్దంగడి అంటే వీధిలో ఉండే అంగడి కాదు, ఫోనులో ఉండేది. గుండుసూది నుంచి గడ్డికోసే యంత్రం దాకా అన్నీ అందులోనే. దాని అసలు పేరు వేరే ఉన్నా పలకడానికి నోరు తిరగక జనం ఇలా పిలుచుకుంటారు. ఎవరైనా అందులో కొట్టు తెరుచుకోవచ్చు, అద్దె కట్టాలి. ఎవరి కొట్టు ముందు కనపడాలో, ఎవరిది ఏడో పేజీలో పడుకోవాలో అది తేలుస్తుంది. డబ్బు దాని చేతి మీదుగానే వెళుతుంది, సరుకు దాని బండిలోనే వెళుతుంది. ఇవన్నీ చాలక తన సొంత ముద్ర వేసుకున్న సరుకు కూడా అదే అంగడిలో అమ్ముకుంటుంది. మేస్త్రికి అందులో నచ్చింది ఇదే.

"ఊరి మొత్తానికీ ఒకటే వంతెన ఉందనుకో. కొంటే వంతెనే కొనాలి, దాని మీద నడిచే గాడిదల్ని కాదు" అని మంగలి షాపులో ఉపన్యాసం ఇచ్చేవాడు.

పొద్దున్న ఏడున్నరకు మంగలి షాపులో ముగ్గురు కలిసేవారు. మేస్త్రి, షాపు ఓనరైన మంగలి, రిటైరైన హెడ్మాస్టరు. అద్దం పక్కన గోడకు ఫోను ఆనించి షేరు ధర చూసేవారు. మేస్త్రి మాట మీదే మిగతా ఇద్దరూ కొన్నారు. మంగలి రెండో కుర్చీ కొనడానికి దాచుకున్నది పెట్టాడు. హెడ్మాస్టరు పుస్తకాల బీరువా అమ్మి మరీ పెట్టాడు. బీరువా పోతే పోయింది, పుస్తకాలు ఎలాగూ నేల మీద ఉండగలవన్నాడు.

ఏడాదికోసారి పెద్దంగడి నుంచి వాటాదారులకు ఉత్తరం వచ్చేది. "ప్రియమైన భాగస్వామీ, మీ నమ్మకమే మా పునాది" అని మొదలవుతుంది. కోటిమందికి వెళ్ళే ఉత్తరం అది. మేస్త్రి మటుకు అది తనకు రాసిందనే లెక్కలో ఉండేవాడు. దాన్ని పటం కట్టించి తూనికల లైసెన్సు పక్కనే తగిలించాడు. జవాబుగా మూడు పేజీల సలహాలు రాసి రిజిస్టరు పోస్టులో పంపాడు. "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అని తిరుగు మెసేజీ వచ్చింది. ఆ మెసేజీ వీధిలో చూడనివాడు లేడు. సాలీనా వాటాదారుల సమావేశం ఫోనులో జరిగితే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు.

"వాళ్ళకి మీరు కనపడరండీ" అంది భార్య.

"నేను వాళ్ళకి కనపడకపోవచ్చు. వాళ్ళు నాకు కనపడుతున్నారుగా" అన్నాడు.

ఇక కోడలి సంగతి. కొడుకు సరుకుల లారీ నడుపుతాడు, వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే. కోడలు మామగారి దగ్గర పని నేర్చుకుని, ఇంటి ముందుగదిలో పొడుగాటి బల్ల వేసి, వంటింటి కాటాలు చేయించేది. గడియారం మొహం లాంటి బిళ్ళ, పైన గిన్నె, లోపల స్ప్రింగు. రేకు డొల్లలు బజారులో అందరూ కొనేవే. ప్రాణమంతా స్ప్రింగులో ఉంటుంది. స్ప్రింగు బిగించడానికి బల్ల దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు పనిచేసేవారు. ఆఖరున ఒక్కొక్కటీ మేస్త్రి చేతిలోంచి వెళ్ళాల్సిందే. ఇత్తడి రాళ్ళు పెట్టి చూసి, సరిగ్గా ఉంటే గీత, చుక్క, నంబరు కొట్టి రిజిస్టరులో ఎక్కించేవాడు. సరుకంతా పెద్దంగడిలోనే అమ్ముడుపోయేది. వేరే చోటు లేదు. ఊళ్ళో పాత్రల కొట్లు మూడూ అప్పటికే మూతపడ్డాయి.

మూడేళ్ళు బల్ల ఖాళీ లేకుండా నడిచింది. నాలుగో ఏడు పెద్దంగడి కొనుగోళ్ళ విభాగం నుంచి ఒక మెసేజీ. మీ కాటా నచ్చింది, పరిశీలనకు నలభై పంపండి, నచ్చితే వేలల్లో తీసుకుంటాం. కోడలు నలభై పంపింది. మేస్త్రి ఆ నలభైకీ కొత్త వరుసలో ఒకటి నుంచి నలభై దాకా నంబర్లు కొట్టి, సొంత కంపెనీకి సరుకు పంపుతున్నానని మంగలి షాపులో ప్రకటించాడు. నెల గడిచినా జవాబు లేదు. రెండు నెలలు తిరిగేసరికి పెద్దంగడి సొంత ముద్రతో, ఎర్ర బిళ్ళతో వంటింటి కాటా వచ్చి మొదటి పేజీలో మొదటి వరుసలో కూర్చుంది. ఆ వారంలోనే కోడలి కాటాలు ఏడో పేజీకి జారాయి. రోజుకు ముప్ఫై పోయేవి మూడుకు పడ్డాయి.

"మావయ్యగారూ, ఇలాగే ఉంటే మూడు నెలల్లో బల్ల ఎత్తేయాలి. ఆ ముగ్గురికీ ఏం చెప్పమంటారు?" అంది కోడలు.

"ఏడో పేజీలో ఉంటే మొదటి పేజీకి రావాలమ్మాయ్. సరుకు బాగుంటే అదే వస్తుంది. తూకం ఎవరి మొహమూ చూడదు."

"తూకం చూడదు, తూచేవాడు చూస్తాడుగా. యార్డులో ఆ కాంట్రాక్టరు చేసిందీ ఇదే. వాడికి మీసాలుండేవి, దీనికి లేవు. అంతేనండీ తేడా" అంది భార్య లోపలి నుంచి.

మేస్త్రి ఆ మాట వినపడనట్టు ఫోనులో షేరు ధర చూసుకున్నాడు.

కోడలు ఊరుకోలేదు. తనలాంటి చిన్న అమ్మకందార్లు వందమందికి పైగా కలిసి పోటీ మండలికి అర్జీ పెట్టుకున్నారు. పెద్ద చేప చిన్న చేపను మింగుతుంటే నీళ్ళలోకి దిగి చూసే ప్రభుత్వ మండలి అది. మండలి విచారణ మొదలుపెట్టింది. పేపర్లలో పెద్దంగడి పేరు మొదటి పేజీకెక్కింది, ఈసారి అద్దె కట్టకుండానే. ఆ రోజు షేరు పడిపోతుందని ఫోను వంకే చూస్తూ మంగలి హెడ్మాస్టరు చెవి పక్కన గాటు పెట్టాడు. సాయంత్రానికి షేరు రెండు రూపాయలు పెరిగింది.

మర్నాడు మేస్త్రిని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

"ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. జరిమానా వేశారనుకో, అది ఏనుగు వీపు మీద వాలిన ఈగ. ముక్కలు చేశారనుకో, ప్రతి ముక్కలోనూ మనకి షేర్లిస్తారు. గుమ్మడికాయ నిలువునా అమ్మితే ఎంత వస్తుంది, కోసి ముక్కలమ్మితే ఎంత వస్తుంది?"

"ముక్క కుళ్ళితే?" అన్నాడు హెడ్మాస్టరు చెవి పక్కన దూది ఒత్తుకుంటూ.

"విచారణకి ఎన్నేళ్ళు పడుతుంది మాస్టారూ? అప్పటికి మనం ఉండొద్దూ."

"ఉండకపోవడం కూడా పెట్టుబడి ఎత్తేనన్నమాట" అన్నాడు మంగలి.

నవ్వులాటగా అన్నా, మంగలి మనసులో ముల్లు మిగిలింది. కోడలు అర్జీ పెట్టడం, మామ వాటాలు పెట్టుకోవడం. ఒకే ఇంట్లో వాదీ ప్రతివాదీ. వీధిలో ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి మేస్త్రి చెవికి చేరింది. అప్పుడు ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. పెద్దంగడి కాటా తెప్పించి, అందరి ముందూ విప్పి, అది కోడలి కాటా కన్నా ఎందులో మేలో చూపించాలి. సరుకు బాగుంది గనక ముందుంది అని తేలిపోతే ఇంట్లో గొడవ తీరుతుంది, బజారులో పరువు నిలుస్తుంది.

కాటాకు ఆర్డరిచ్చిన మర్నాడు పొద్దున్నే బండి వచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళింది. "నా సరుకు పక్కవీధికి చేరడానికి ఆరు రోజులు పడుతోంది" అంది కోడలు ఆ బండి వంక చూస్తూ.

ఆదివారం పదింటికి పంచాయతీ. ముందుగదిలో పొడుగాటి బల్లకు ఒక పక్క మంగలి, హెడ్మాస్టరు. ఇంకో పక్క కోడలు, చేతులు కట్టుకుని. భార్య గుమ్మానికి ఆనుకుని నిలబడింది. మేస్త్రి ముఖమల్ పెట్టె తెరిచి ఇత్తడి రాళ్ళను గుడ్డతో పట్టి తీశాడు. ఎర్ర బిళ్ళ కాటాను బల్ల మధ్యలో పెట్టి, గిన్నెలో వంద గ్రాముల రాయి ఉంచాడు. ముల్లు వెళ్ళి వంద మీద ఆగింది. రెండు వందలు. ఆగింది. అరకిలో. ఆగింది.

"చూశావా అమ్మాయ్, తాగినవాడిలా ఊగకుండా ఎంత హుందాగా ఆగిందో. అచ్చం పెద్దింటి నడక."

"చూస్తున్నా మావయ్యగారూ."

"ఈ స్ప్రింగు బిగించినవాడెవడో గాని గురుముఖంగా నేర్చుకున్నవాడు. చేతిలో ఓపిక ఉంది, మనసులో తొందర లేదు. ఇదీ పనంటే. మనవాళ్ళూ బిగిస్తారు, ఉన్నమాట చెప్పాలంటే, ఏదో బిగించామంటే బిగించామన్నట్టు. దీన్ని ముందు పేజీలో పెట్టక ఏ పేజీలో పెడతారు?"

హెడ్మాస్టరు తలూపాడు. మంగలి కూడా తలూపాడు, రెండో కుర్చీని తలుచుకుని.

"లోపలి పనితనం కూడా చూపిస్తానుండండి" అని మేస్త్రి కాటాను బోర్లించి నాలుగు మరలు విప్పాడు. అడుగు రేకు తీశాడు. కళ్ళజోడు సవరించుకుని, స్ప్రింగు పట్టీని వేలితో తిప్పి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

పట్టీ అడుగున నిలువు గీత, పక్కన చుక్క. కింద ఇరవై ఏడు.

భార్య గుమ్మం దగ్గర్నుంచి వచ్చి భర్త భుజం మీదుగా తొంగి చూసింది.

"గురువుగారు దొరికారండీ" అంది.

మంగలి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళాడు. హెడ్మాస్టరు అటూ ఇటూ చూసి, పరీక్ష హాల్లో దొరికిన కుర్రాడిని చూసినట్టు మేస్త్రిని చూశాడు. మేస్త్రి లేచి రిజిస్టరు తెచ్చి వేలు నాలిక్కి అద్దుకుని పేజీలు తిప్పాడు. కొత్త వరుస, ఇరవై ఏడు. పరిశీలనకు పంపిన నలభైలో ఒకటి. తన చేతిరాత, తన తేదీ. ఎర్ర బిళ్ళను గోటితో గీకితే దాని కింద కోడలి తెల్ల బిళ్ళ అలాగే ఉంది. పీకే శ్రమ కూడా పడలేదు, మీదే అంటించారు.

"పరిశీలన బాగానే చేశారు మావయ్యగారూ" అంది కోడలు. నవ్వుతూ అనలేదు. వెళ్ళి బల్ల మీద చెల్లాచెదురైన మరలను ఏరుకుంది.

ఆ మధ్యాహ్నం మేస్త్రి రిజిస్టరు పక్కన పెట్టుకునే భోజనం చేశాడు. చేయి కడుక్కుని వచ్చి కోడలి ముందు కుర్చీ వేసుకున్నాడు.

"అమ్మాయ్, ఒక్క కాటా దొరికినంత మాత్రాన తూకం తప్పని చెప్పలేం. దొంగ సరుకు అమ్మారని చెప్పగలం, అంతే. ఇంకోటి చెయ్యాలి."

"ఏం చెయ్యాలి?"

"తట్ట మార్చాలి."

ఎర్ర బిళ్ళ వూడదీసి, తెల్ల బిళ్ళను తుడిచి, ఇరవై ఏడో నంబరు కాటాను కోడలి కొట్టులో అమ్మకానికి పెట్టించాడు. పెద్దంగడి పెట్టిన ధరే. వాళ్ళు తీసినట్టే ఫొటో, వాళ్ళు రాసినట్టే నాలుగు మాటలు. వస్తువు అదే, కాటా అదే, ముల్లు అదే. వాళ్ళ తట్టలో ఉన్నప్పుడు మొదటి పేజీ, రోజూ అమ్మకం, "చాలా బాగుంది" అని ముప్ఫై ఒక్క మంది రాత. ఇప్పుడు మన తట్టలో ఎంత తూగుతుంది? రోజూ పొద్దున్న ఏడున్నరకు మంగలి షాపులో మూడు ఫోన్లలో చూశాడు. తనది, మంగలిది, హెడ్మాస్టరుది. రిజిస్టరులో రోజుకు మూడు వరుసలు రాసి కింద ముగ్గురి చేతా సంతకాలు పెట్టించాడు. ఏడో పేజీ. ఏడో పేజీ. ఒక రోజు ఆరో పేజీ చివర, మర్నాడు మళ్ళీ ఏడు. పందొమ్మిది రోజులు చూశాడు. ఆ లెక్క ఎక్కడిదో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు.

పందొమ్మిదో రోజు సంతకం పెడుతూ మంగలి కలం ఆపాడు.

"మేస్త్రిగారూ, ఈ పుస్తకం ఎక్కడికి వెళుతుంది?"

"పోటీ మండలికి. సాక్ష్యం ఉన్నవాళ్ళని రమ్మని కోడలికి కాగితం వచ్చింది. వాళ్ళ దగ్గర ఏడుపులున్నాయి గాని కొలతలు లేవు. కొలతలు నా దగ్గరున్నాయి. వచ్చే వారం వాయిదా. అక్కడ మాట నెగ్గితే, వెనక్కి తోసిన కొట్లని విచారణ తేలేదాకా పాత పేజీల్లోనే ఉంచమంటారట. లేకపోతే నెలాఖరుకి బల్ల లేస్తుంది."

"మరి షేరు?"

"పడొచ్చు."

"మీ నోటితోనే కొనిపించారు, మీ నోటితోనే ముంచుతారా? బయట జనానికి నేను గుండు చేస్తాను, నాకు మీరు చేస్తున్నారు."

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "ఏమోయ్ మేస్త్రీ, తొందరెందుకు? ముందు మన ముగ్గురివీ అమ్మేసుకుందాం. తరవాత తీరిగ్గా వెళ్ళి నిజం చెప్పు. నిజం ఎక్కడికి పోతుంది?"

మేస్త్రి చాలాసేపు అద్దంలోకి చూశాడు. సబ్బు నురగ ఆరిపోయి మొహం బిగుసుకుంటున్నా తుడుచుకోలేదు.

"తూచేముందు నాకు కావలసిన వైపు వేలు పెట్టి, తరవాత తూకం సరిగ్గా ఉందంటే నన్నేమంటారు మాస్టారూ? కాంట్రాక్టరంటారు. నేను అమ్మను. మీవి మీ ఇష్టం, కానీ నేను చెప్పానని అమ్మకండి, నేను చెప్పానని ఉంచుకోకండి. ఒకసారి నా మాట విని కొన్నారు, ఆ తప్పు నాది. ఆ మాట అక్కడ కూడా చెబుతాను."

మంగలి కత్తి పట్టాడు. ఆ రోజు గడ్డం గీసింది సగమే బాగుంది. కుడివైపు అంతా కోపం కనపడింది.

మండలి పంపిన ఫారంలో ఒక గడి ఉంది: ఈ కంపెనీతో మీకు ఏమైనా ప్రయోజనం ముడిపడి ఉందా? ఇలాంటి గడిలో మర్యాదస్తులు "లేదు" అని రాసి ముందుకు పోతారు. మేస్త్రి ఆ గడిలో పట్టక పక్క మార్జినులోకి కూడా దిగి రాశాడు. షేర్లు మూడు వందల పన్నెండు, ఏటా ఉత్తరం వస్తుంది, పటం కట్టించాను.

ఫారం, రిజిస్టరు నకళ్ళు అవతలి పక్షానికీ వెళ్ళాయి. రెండు రోజుల తరవాత పెద్దంగడి లాయరు ఫోను చేశాడు. గొంతు వెన్న రాసినట్టుంది.

"సార్, మీరు మా భాగస్వామి. కంపెనీ బాగుంటేనే మీరు బాగుంటారు. మీ డబ్బుకి మీరే చేటు తెచ్చుకోవడమెందుకు? ఆ రిజిస్టరు సంగతి కూర్చుని మాట్లాడుకుందాం. మీ కోడలుగారి కొట్టు కూడా ఎక్కడో ముందుకి సర్దవచ్చు."

"ఎన్నో పేజీకి సర్దుతారు?"

"మొదటి పేజీకే సార్."

"అంటే సర్దడం మీ చేతిలోనే ఉందన్నమాట. సరుకు బాగుండటంలో లేదు."

లాయరు నీళ్ళు నమిలి, "మీరు వాటాదారు సార్" అన్నాడు మళ్ళీ.

"అందుకేగా వస్తున్నాను. నా డబ్బు పెట్టిన అంగడిలో తూకం సరిగ్గా ఉందో లేదో నేను చూసుకోకపోతే ఎవరు చూస్తారు? దొంగ త్రాసు పెట్టుకున్న అంగడి ఎన్నాళ్ళు నడుస్తుందో నాకు తెలుసండీ. ఆ దూలం కోసినప్పుడు పక్కనే ఉన్నాను."

ఫోను పెట్టేశాక తేదీ, సమయం, లాయరు అన్న మాటలు రిజిస్టరులో రాశాడు. భార్య చేత, కోడలి చేత సంతకాలు చేయించాడు. గంటలో పెద్దంగడి నుంచి మెసేజీ వచ్చింది: ప్రియమైన భాగస్వామీ, మీకోసం ప్రత్యేకంగా వంటింటి కాటాల మీద పది శాతం తగ్గింపు. కోడలు అది చదివి వినిపిస్తే, ఇరవై ఏడో నంబరు దొరికిన ఆదివారం తరవాత ఆ ఇంట్లో మొదటిసారి నవ్వు వినపడింది. బల్ల దగ్గర ముగ్గురు ఆడవాళ్ళూ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

మండలికి బయలుదేరే రోజు పొద్దున్న మేస్త్రి గోడ మీది పటం దించాడు. లైసెన్సుది కాదు, ఉత్తరంది. పారేస్తాడేమోనని భార్య చూస్తోంది. ఆయన దుమ్ము దులిపి సంచిలో పెట్టుకున్నాడు.

"అదెందుకండీ?"

"మీ నమ్మకమే మా పునాది అని రాశారుగా. పునాది చూడ్డానికి వచ్చానని చూపించొద్దూ."

సంచిలో రిజిస్టరు, ఇత్తడి రాళ్ళ పెట్టె, తువ్వాలులో చుట్టిన ఇరవై ఏడో నంబరు కాటా. ఎవరూ కొనలేదు గనక అది ఇంకా ఇంట్లోనే ఉంది. ఏడో పేజీ చేసిన మేలు అదొక్కటే. కోడలు టిఫిన్ డబ్బా ఇచ్చి, "మావయ్యగారూ, అక్కడ పెద్దపెద్దవాళ్ళుంటారు. భయపడకండి" అంది.

"పెద్దవాళ్ళయితే ఏమిటమ్మాయ్? పుట్టినప్పుడు అందరూ నేను సరిచేసిన కాటా మీద తూగినవాళ్ళే."

బస్టాండుకు వెళ్ళేదారిలో మంగలి షాపు మూసి ఉంది. మేస్త్రి ఒక్క క్షణం ఆగి, ముందుకు కదిలాడు. తీరా బస్టాండులో మంగలే నిలబడి ఉన్నాడు, దువ్వెనా కత్తీ జేబులో పెట్టుకుని. పక్కనే హెడ్మాస్టరు, చెవి పక్కన గాటు మానినా దూది మానలేదు.

"నేను చెడగొట్టిన కుడివైపు గడ్డంతో వెళితే మా షాపు పరువేం కావాలి? కూర్చోండి" అన్నాడు మంగలి. ప్రయాణికుల సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి, నీళ్ళు చల్లి కుడివైపు మళ్ళీ గీశాడు. షేర్లు అమ్మాడో లేదో చెప్పలేదు. మేస్త్రి అడగలేదు. హెడ్మాస్టరు మాత్రం బస్సు కదిలేముందు కిటికీలోంచి చెయ్యి పెట్టి, "అక్కడ అడిగితే సంతకం నాదేనని చెప్పవోయ్. బీరువా డబ్బులో సగం పోయినట్టే అనుకున్నాను, ఇక మిగతా సగం కూడా అనుకుంటాను" అన్నాడు.

ఇంటి దగ్గర ముందుగదిలో, ఆ రోజు ఎన్ని కాటాలు చేశారో రాసుకునే నల్లపలక ఉంటుంది. మేస్త్రి వెళ్ళేముందు దాని మీద సుద్దతో ఒక వరుస రాసి వెళ్ళాడు. ముగ్గురు ఆడవాళ్ళూ స్ప్రింగులు బిగించడం ఆపలేదు. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. బిగించినవి బిగించినట్టు బల్ల చివర వరుసగా పెడుతున్నారు. ఆయన వచ్చి చూసి గీత, చుక్క, నంబరు కొట్టేదాకా ఒక్కటి కూడా గుమ్మం దాటదు. కోడలు ఆ పలకను తుడవనివ్వడం లేదు. లెక్కలు పక్కన కాగితం మీద రాస్తోంది.

పలక మీద ఇలా ఉంది: కాటా మేస్త్రి తిరిగి వచ్చేది ఇరవై ఆరో తారీఖు, గురువారం, మధ్యాహ్నం రెండున్నర బస్సుకు.